ఆట అందరిది, మరి పేరు ఎవరిది?

ఈ యేడు మన విద్యార్థి సంఘం వారు క్రీడా వారోత్సవంలో మైదానం ఆటలతోపాటు నీడపట్టున కూచుని ఆడే ఆటలకు కూడా చోటిచ్చారు. చదరంగం, క్యారమ్స్ ఎప్పుడూ ఉన్నవే. కొత్తగా స్క్రాబుల్ పోటీ ఒకటి చేర్చారు. అంతవరకూ బాగానే ఉంది. పోస్టరు వేసిన కుర్రాడు మంచి చేయి తిరిగినవాడు. ఆ ఆట పెట్టె మీద కంపెనీవారు వేసుకునే అక్షరాల గుర్తును వెంట్రుకవాసి తేడా లేకుండా దింపేశాడు. అది చూసి ముచ్చటపడి, అదే బొమ్మతో నూరు టీ షర్టులు అచ్చు వేయించి అమ్ముదామనీ, వచ్చిన లాభం పేద విద్యార్థుల పుస్తకాల నిధికి జమ చేద్దామనీ సంఘం వారు నిశ్చయించారు.

అప్పుడు మా కామర్సు ఫైనలియరు అమ్మాయి ఒకతె లేచి, "ఆ గుర్తు ట్రేడ్‌మార్కు. పోటీ పెట్టుకోవచ్చు గాని, ఆ గుర్తు వేసి చొక్కాలు అమ్మడానికి మనకి హక్కు లేదు" అంది. ఇక చూడండి గొడవ! "ఆట పేరు కూడా ఒకడి సొత్తేనా? రేపు వెన్నెలక్కూడా రిజిస్ట్రేషను చేయిస్తారా?" అని ఒకడు. "పేదవాళ్ళ పుస్తకాల కోసం చేస్తుంటే చట్టం అడ్డొస్తుందా?" అని మరొకడు. చివరికి అందరూ నా గది ముందుకు వచ్చి, "సార్, మీరు చెప్పండి, ఎవరిది రైటు?" అన్నారు. రెండు వైపులా కొంత రైటుందని నాకు తోచింది. కాని అది నిలుచున్నపాటున చెప్పే జవాబు కాదు. అంచేత సావనీరు సంపాదకుల దగ్గర నాలుగు పేజీలు అప్పు పుచ్చుకుని ఇక్కడ చెబుతున్నాను.

ముందు ట్రేడ్‌మార్కు అంటే ఏమిటో తేల్చుకుందాం. ఊళ్ళో మందలో కలిసిపోయిన పశువును గుర్తుపట్టడానికి రైతు దాని మీద ముద్ర వేస్తాడు. ఆ ముద్ర చూస్తే అది ఎవరి కొట్టంలోదో తెలుస్తుంది. ట్రేడ్‌మార్కు కూడా అంతే. ఈ సరుకు ఫలానా వారి దగ్గర తయారైంది, దీని మంచిచెడ్డలకు వారే పూచీ అని కొనేవాడికి చెప్పే గుర్తు అది. ఒకరి ముద్ర మరొకరు వేసుకుంటే మోసపోయేది ఆ రైతు ఒక్కడే కాదు, సంతలో కొనేవాడు కూడా. కనుక ముద్రకు రక్షణ ఉండాలి. ఇందులో వాదమే లేదు.

అయితే ముద్ర ఉన్నంత మాత్రాన "ఎద్దు" అన్న మాట ఆ రైతు సొత్తయిపోదు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆటల విషయంలో ముద్ర ఎక్కడ ముగుస్తుందో, ఎద్దు ఎక్కడ మొదలవుతుందో తేల్చడం కష్టం.

చట్టంలో తాళాలు మూడు రకాలు. పేటెంటు, కాపీరైటు, ట్రేడ్‌మార్కు. మన దేశంలో ఆట ఆడే పద్ధతికి పేటెంటు అసలే ఇవ్వరు. పేటెంటు చట్టం 3వ సెక్షను ఆ మాట స్పష్టంగానే చెబుతుంది. ఇతర వస్తువులకు ఇచ్చినా 20 ఏళ్ళతో సరి. కాపీరైటు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. ట్రేడ్‌మార్కు మాత్రం పదేసి ఏళ్ళకొకసారి రుసుము కట్టి తిరగరాయించుకుంటూ పోతే దానికి అంతమంటూ లేదు. అంచేత ఒక ఆటను చిరకాలం తన గుప్పిట్లో ఉంచుకోవాలనుకున్న కంపెనీకి మిగిలే తాళం పేరే. ఆట తీరు ఎవరైనా అనుకరించవచ్చు. కాని పేరు చెప్పకుండా దాన్ని ఎవరికి అమ్ముతారు? "పాచికలు వేసి స్థలాలు కొని అద్దె వసూలు చేసే ఆట" అని దుకాణంలో అడిగేవాడు ఉంటాడా?

అవును, నేను మోనోపొలీ మాటే చెబుతున్నాను. మన ఇళ్ళలో "బిజినెస్" అనో, "ట్రేడ్" అనో పిలుచుకుని, బొంబాయీ, కలకత్తా కొని సంబరపడిన ఆటకు పెద్దన్న అది. దాని కథ తెలుసుకోకుండా ఈ చర్చ ముందుకు సాగదు.

అమెరికాలో లిజ్జీ మాగీ అనే స్టెనోగ్రాఫరు ఉండేది. ఆమె హెన్రీ జార్జ్ అనుయాయి. భూమి విలువ ఊరంతా కలిసి పెంచితే ఆ లాభం భూస్వామి ఒక్కడికే పోవడం అన్యాయమనీ, పన్ను భూమి విలువ మీదనే వేయాలనీ ఆయన వాదం. ఈ సిద్ధాంతాన్ని ఉపన్యాసాలతో చెబితే ఎవరు వింటారని కాబోలు, ఆమె ఒక ఆట అల్లింది. పేరు "భూస్వామి ఆట". 1904 జనవరిలో దానికి పేటెంటు వచ్చింది. స్థలాలన్నీ ఒకడి చేతిలో పడితే మిగతావాళ్ళు ఎలా దివాలా తీస్తారో పిల్లలకు సైతం అరచేతిలో చూపించాలని ఆమె ఉద్దేశం.

ఆ ఆట దుకాణాల్లో కంటె ఇళ్ళలోనూ కాలేజీల్లోనూ ఎక్కువ పెరిగింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్పిన స్కాట్ నియరింగ్ దాన్ని తన విద్యార్థులకు నేర్పాడు. ఆడినవాళ్ళు గుడ్డల మీద, అట్టల మీద సొంతంగా పటాలు గీసుకున్నారు. తమ ఊరి వీధుల పేర్లు పెట్టుకున్నారు. అట్లాంటిక్ సిటీలోని క్వేకర్లు తమ వీధులన్నీ అందులోకి ఎక్కించారు. భూస్వామి ఆట అన్న పేరు క్రమంగా జారిపోయింది. జనం నోట అది "మోనోపొలీ" అయింది. ఆ పేరు ఏ కంపెనీ పెట్టలేదు, ఆడినవాళ్ళే పెట్టుకున్నారు. మన పల్లెల్లో ఆటల పేర్లు ఎలా పుడతాయో అదీ అలాగే పుట్టింది.

1930ల నాటి ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయిన చార్లెస్ డారో అనే ఆయన ఫిలడెల్ఫియాలో స్నేహితుల ఇంట ఈ ఆట నేర్చుకున్నాడు. దానికి చక్కని బొమ్మలు చేర్చి తన సృష్టిగా అమ్మడం మొదలుపెట్టాడు. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ ఆయన దగ్గర ఆట కొన్నది. ఆయనకు పేటెంటు వచ్చింది, కంపెనీకి పేరు మీద ట్రేడ్‌మార్కు వచ్చింది. అట్లాంటిక్ సిటీ దగ్గర మార్వెన్ గార్డెన్స్ అనే పేట ఉంది. డారో పటం మీద అది మార్విన్ గార్డెన్స్ అని తప్పుగా పడింది. ఆ తప్పు అతనిది కాదు, అతను చూసి రాసుకున్న పటంలోదే! పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాసిన కుర్రాణ్ణి మనం ఎలా పట్టుకుంటాం? అతని తప్పులతో సహా రాస్తాడు కనుకనే గదా.

మాగీ సంగతి కంపెనీకి తెలియకపోలేదు. ఆమె మొదటి పేటెంటు గడువు 1921తోనే తీరింది. 1924లో తీసుకున్న రెండో పేటెంటును 1935లో కంపెనీ 500 డాలర్లకు కొన్నది, రాయల్టీ లేకుండా. 1936లో ఆమె వాషింగ్టన్ పత్రికల వారికి తన పాత పటం చూపించి మొరపెట్టుకుంది. ఒక రోజు వార్త అయింది, మర్నాడు మరుగునపడింది. 1948లో ఆమె కన్నుమూసింది. ఆట పెట్టెల్లో మాత్రం డారో కథే అచ్చవుతూ వచ్చింది.

ఇప్పుడు మన వంటి ఒక మాస్టారు ప్రవేశిస్తాడు. రాల్ఫ్ ఆన్‌స్పాక్, శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రాచార్యుడు. గుత్తాధిపత్యం గొప్ప అని పిల్లలకు నేర్పే ఆటకు విరుగుడుగా, గుత్తాధిపత్యాలను బద్దలు కొట్టేవాడు గెలిచే ఆట ఒకటి తయారుచేసి 1973లో "యాంటీ మోనోపొలీ" అని పేరు పెట్టి అమ్మాడు. కంపెనీ ఊరుకుంటుందా? ఆ పేరు మానుకోమంది. ఆయన మానుకోకుండా 1974లో తానే కోర్టుకెక్కాడు. కేసు కోసం ఆట పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతూ పోతే మాగీ పేటెంటు బయటపడింది. డారో కంటె ముందే ఆడిన ముసలివాళ్ళను ఊరూరా వెతికి పట్టుకున్నాడు. వాళ్ళ అటకల మీదున్న చేతిరాత పటాలు, వాళ్ళ జ్ఞాపకాలు కోర్టుకు సాక్ష్యాలయ్యాయి.

మొదటి కోర్టులో ఆయన ఓడిపోయాడు. 1977 జులైలో సుమారు 40,000 యాంటీ మోనోపొలీ పెట్టెలను మిన్నెసోటా రాష్ట్రంలో మంకేటో అనే ఊరి దగ్గర చెత్త పూడ్చే చోట గోతిలో వేసి కప్పెట్టారు. ఒక మాట కోసం నలభై వేల ఆటపెట్టెల్ని పాతిపెట్టారంటే, ఆ మాట విలువ ఏపాటిదో ఊహించుకోండి.

ఆయన అప్పీలుకు వెళ్ళాడు. కేసు పైకీ కిందికీ రెండుసార్లు తిరిగింది. 1982లో అప్పీలు కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. అయితే ఆ తీర్పు మాగీకి జరిగిన అన్యాయం మీద ఆధారపడలేదు. కొన్నవాళ్ళను అడిగి చేసిన సర్వే ఒకటి కోర్టు ముందుకు వచ్చింది. "నాకు మోనోపొలీ ఆడాలని ఉంది, ఎవరు తయారుచేశారన్నది పెద్దగా పట్టదు" అన్న అర్థం వచ్చే జవాబు నూటికి 65 మందిది. పార్కర్ బ్రదర్స్ సరుకంటే ఇష్టం గనుక కొంటామన్నవారు 32 మందే. అంటే ఆ పేరు తయారీదారును కాక ఆటనే సూచిస్తున్నది, కనుక అది ముద్ర కాదు, ఎద్దు అని కోర్టు తేల్చింది. 1983లో సుప్రీంకోర్టు ఆ కేసు చేపట్టడానికి నిరాకరించింది.

పెద్ద కంపెనీలన్నిటికీ గుండెల్లో రాయి పడింది. ఇదే ప్రశ్న సబ్బుల మీదా బిస్కెట్ల మీదా వేస్తే ఎన్ని పేర్లు నిలుస్తాయి? 1984లో అమెరికా కాంగ్రెసు చట్టం సవరించింది. కొనేవాడు ఎందుకు కొంటున్నాడన్నది ప్రశ్న కాదు, ఆ మాటకు జనం ప్రధానంగా ఏ అర్థం చెప్పుకుంటున్నారన్నదే ప్రశ్న అని తేల్చింది. 1985లో రాజీ కుదిరింది. ఆన్‌స్పాక్ తన ఆటను ఆ పేరుతోనే అమ్ముకునే హక్కు దక్కించుకున్నాడు. మోనోపొలీ పేరు మాత్రం కంపెనీ దగ్గరే ఉండిపోయింది. ఆ కంపెనీని 1991లో కొన్న హాస్‌బ్రో వారిది నేడు ఆ పేరు. ఆయన 2022లో చనిపోయాడు.

భూమికి కంచె వేయడం తప్పని చెప్పడానికి పుట్టిన ఆటకే కంచె పడింది. ఇంతకంటె చోద్యం ఉంటుందా?

ఇది విని మన కుర్రాళ్ళు "చూశారా, ట్రేడ్‌మార్కంటేనే దోపిడీ!" అని చప్పట్లు కొడతారని నాకు తెలుసు. కాస్త ఆగండి. రెండో కథ కూడా వినాలి. ఇది మన పోస్టరుకు దగ్గర చుట్టం.

స్క్రాబుల్ కనిపెట్టినవాడు ఆల్ఫ్రెడ్ బట్స్. ఈయనా మాంద్యంలో పని పోయిన వాడే, ఆర్కిటెక్టు. ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో తెలుసుకోవడానికి న్యూయార్క్ టైమ్స్ పత్రిక ముందేసుకుని అక్షరాలు లెక్కపెట్టాడు. ఆయన పెట్టిన పేర్లు వేరు. జేమ్స్ బ్రూనో అనే ఆయన ఆ ఆటను తయారుచేసి అమ్మడానికి పూనుకుని, 1948లో స్క్రాబుల్ అన్న పేరు రిజిస్టరు చేయించాడు. ఈ పేరు జనం నోట పుట్టింది కాదు. అమ్మేవాడు ఏరి తెచ్చి, ఆ ఆటకు పెట్టి, ఖర్చుపెట్టి నిలబెట్టిన పేరు. నేడు అమెరికా, కెనడాల్లో అది హాస్‌బ్రో వారిది, తతిమ్మా ప్రపంచంలో మాటెల్ వారిది.

కలకత్తాకు చెందిన రజత్, జయంత్ అగర్వాలా అనే అన్నదమ్ములు కంప్యూటరు మీద ఆడుకునేలా "స్క్రాబ్యులస్" అనే ఆట పెట్టారు. 2007లో అది ఫేస్‌బుక్‌లోకి వెళ్ళి లక్షల మందిని కట్టిపడేసింది. మాటెల్ వారు ఢిల్లీ హైకోర్టుకు వచ్చారు. 2008 సెప్టెంబరులో ఆ కోర్టు ఇచ్చిన ఉత్తర్వు నాకు ఎంతో నచ్చింది. పేరు విషయంలో మాటెల్ గెలిచింది. స్క్రాబ్యులస్ అంటే వినేవాడు స్క్రాబుల్ వారిదేనని పొరబడతాడు, కనుక ఆ పేరు వాడవద్దన్నది కోర్టు. గళ్ళ పలక మీదా, ఆట తీరు మీదా కాపీరైటు ఉందన్న వాదనను మాత్రం ఒప్పుకోలేదు. ఆ అన్నదమ్ములు పేరు మార్చి "లెక్సులస్" అని పెట్టుకుని ఆట సాగించారు. ముద్ర ముద్రవాడికి, ఎద్దు ఊరికి. ఎవరి వాటా వారికి పంచిపెట్టిన తీర్పు అది.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే నా అభిప్రాయం దానంతటదే పైకి వస్తుంది. ఆట పేరు మీద హక్కు అడిగేవాణ్ణి మనం వేయవలసిన ప్రశ్న ఒక్కటే. ఈ పేరుకు ప్రాణం పోసినది నువ్వా, ఆడినవాళ్ళా? అమ్మేవాడే పేరు తెచ్చి, సరుకు నాణ్యంతో దానికి విలువ తెచ్చినచోట ఆ పేరు వాడిదే. మరొకడు దాన్ని అనుకరించడం దొంగతనమే, ఎంత మంచి ఆట తయారుచేసినా సరే. జనం అప్పటికే పిలుచుకుంటున్న పేరును తెచ్చి రిజిస్టరులో ఎక్కించుకున్నచోట మాత్రం ఆ హక్కు సన్నటి దారం మీద వేలాడుతున్నదని గుర్తుంచుకోవాలి. చట్టం ఒప్పుకున్నా న్యాయం తల ఊపదు.

కంపెనీల వాదం ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. "మేము లక్షలు పోసి ప్రచారం చేయకపోతే ఆ పేరు నాలుగు ఇళ్ళల్లో మగ్గిపోయేది. పార్కర్ బ్రదర్స్ లేకపోతే మోనోపొలీ ఇంతమందికి తెలిసేదా?" అంటారు. నిజమే. కాని డబ్బు పెట్టి పొలం సాగుచేసినవాడికి పంట మీద హక్కుంటుంది, ఊరి పేరు మీద ఉండదు. పెట్టె మీద తమ ముద్ర, తమ బొమ్మలు, తమ కంపెనీ పేరు వేసుకుంటే ఆ పెట్టుబడికి కావలసిన రక్షణ దొరుకుతుంది. దానికోసం ఒక అర్థశాస్త్ర పంతులు పెట్టెల్ని గోతిలో వేయనక్కరలేదు.

పైగా చేతిలో తాళం ఉన్నవాడికి ఇంకో తలుపు వేయాలనిపిస్తుంది. హాస్‌బ్రో వారు ఐరోపాలో అప్పటికే తమకున్న మోనోపొలీ మార్కును మళ్ళీ కొత్తగా దరఖాస్తు చేసి 2011లో రిజిస్టరు చేయించుకున్నారు. మార్కును నిజంగా వాడుతున్నామని రుజువులు చూపించే శ్రమ తప్పించుకోవడం అందులో ఒక ఉద్దేశమని తేలింది. అది దురుద్దేశంతో చేసిన దరఖాస్తు అన్న నిర్ణయాన్ని 2021 ఏప్రిల్‌లో ఐరోపా సంఘపు జనరల్ కోర్టు సమర్థించింది. ఆ కొత్త రిజిస్ట్రేషను కొంతమేరకు చెల్లకుండా పోయింది. క్యాండీ క్రష్ ఆట తయారుచేసిన కింగ్ కంపెనీ "క్యాండీ" అన్న మాటనే తన మార్కుగా కోరి, నలుగురూ నవ్వేసరికి 2014లో అమెరికాలో ఆ దరఖాస్తు ఉపసంహరించుకుంది. మిఠాయి అన్న మాట మీద కన్ను వేసినవాడు రేపు దేనిమీద వేయడు?

మన కాలేజీలో రోజూ సాయంత్రం టేబుల్ టెన్నిస్ బల్ల దగ్గర మూగేవాళ్ళలో ఎందరికి తెలుసో గాని, దాని పేరులోనూ ఇదే తగాదా దాగి ఉంది. పింగ్‌పాంగ్ అన్న మాటను ఇంగ్లండులో జాక్స్ కంపెనీ రిజిస్టరు చేయించింది. అమెరికాలో ఆ హక్కు ఈ పార్కర్ బ్రదర్స్ వారే కొన్నారు. ఆడేవాళ్ళు మరో పేరు చూసుకున్నారు. 1926లో ఏర్పడిన అంతర్జాతీయ సంఘం టేబుల్ టెన్నిస్ అన్న పేరే పెట్టుకుంది. పేరుకు తాళం వేస్తే ఆట ఆగలేదు, పేరు మార్చుకుని పక్కనించి వెళ్ళిపోయింది. కంపెనీలు నేర్చుకోవలసిన పాఠం ఇది.

ఇంతకూ ఇదంతా మనకెందుకు? మన ఇంటి సొమ్ము కూడా ఇందులో ఉంది గనుక.

పచ్చీసు మన దేశపు ఆట. గవ్వలు వేస్తే పడే అతి పెద్ద పందెం పాతిక గనుక ఆ పేరు. అదే "పార్చీసీ" అయి 1874లో అమెరికాలో ట్రేడ్‌మార్కుగా రిజిస్టరైంది. ఇంగ్లండు వెళ్ళి కాస్త వేషం మార్చి 1896లో లూడోగా పేటెంటు పుచ్చుకుంది. మన అమ్మమ్మలు ఏకాదశి జాగరణ నాడు పరిచిన వైకుంఠపాళి, పాపపుణ్యాల పాములూ నిచ్చెనలూ, సముద్రం దాటి పిల్లల ఆట అయింది. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ పాములు తీసేసి జారుడు బల్లలు పెట్టి "షూట్స్ అండ్ లాడర్స్" అని తన పేరు వేసుకుంది. ఈ చివరిదాంట్లో నాకు తగాదా లేదు. పేరు వాళ్ళు పెట్టుకున్నారు, వైకుంఠపాళి అన్న మాట జోలికి రాలేదు. మొదటిదాంట్లో మాత్రం మన మాటే పలుకు మారి ఇంకొకరి సొత్తుగా రిజిస్టరులోకి ఎక్కింది.

మన చట్టం ఈ విషయంలో గుడ్డిది కాదు. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం 9వ సెక్షను ప్రకారం, వ్యవహారంలో అందరూ వాడుకునే మాటగా స్థిరపడిపోయినదాన్ని ఆ సరుకుకు మార్కుగా రిజిస్టరు చేయరాదు. అంటే అష్టాచమ్మా అన్న పేరు ఒకడు సబ్బుకు పెట్టుకుంటే పెట్టుకోనీయండి. 2008లో ఆ పేరుతో సినిమా వచ్చింది, ఎవరికీ బాధ కలగలేదు. కాని గవ్వలూ గళ్ళూ పెట్టెలో పెట్టి అమ్ముతూ "అష్టాచమ్మా నాది, ఇంకెవరూ ఆ పేరుతో అమ్మరాదు" అంటే మాత్రం చట్టం ఒప్పుకోదు. కబడ్డీ విషయమూ అంతే. తెలుగు టైటాన్స్ వారి గుర్తు వారిది, కూతా గీతా అందరివీ.

చట్టం ఒప్పుకోదు సరే, చట్టానికి చెప్పేదెవరు? మన ప్రాంతపు దరఖాస్తులు చూసే రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. అక్కడ కూచున్న అధికారికి దాడి ఆట, వామనగుంటలు, పులిజూదం మన పల్లెల్లో అందరి నోటా ఉన్న మాటలని ఎలా తెలుస్తుంది? కోస్తాలో బిళ్ళంగోడు, తెలంగాణాలో చిర్రగోనె, ఒకటే ఆట. ఆ సంగతి ఏ కాగితం మీద ఉంది? రిజిస్ట్రీ వారి జర్నలులో దరఖాస్తు ప్రకటించిన తరువాత నాలుగు నెలల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఆటకు సంబంధం ఉన్నవారే కానక్కరలేదు, మీరైనా సరే, నేనైనా సరే. కాని "మా ఊళ్ళో అందరూ ఆడతారండీ" అంటే సరిపోదు, రుజువు కావాలి. ఆన్‌స్పాక్‌ను ఆదుకున్నవి పాత గుడ్డ పటాలు, ముసలివాళ్ళ జ్ఞాపకాలు. మన దగ్గర ఆ జ్ఞాపకాలు పుష్కలంగా ఉన్నాయి. అయితే ఏటేటా తరిగిపోతున్నాయి. మా నాయనమ్మకు వామనగుంటల్లోనే నాలుగైదు తీర్లు తెలుసు. నాకు ఒకటే తెలుసు. మా అబ్బాయికి ఆ పలక చూపిస్తే ఇడ్లీ రేకు అనుకున్నాడు.

అంచేత ఈ వ్యాసం ద్వారా నేను అడిగేది ఒకటుంది. వేసవి సెలవులకు ఇళ్ళకు వెళ్ళినప్పుడు ప్రతి విద్యార్థీ తన ఊరి ఆట ఒకటి రాసుకుని రావాలి. ఆట పేరు, ఆ ఊళ్ళో పిలిచే ఇతర పేర్లు, గళ్ళ పటం, ఆడే పద్ధతి, చెప్పినవారి వయసు, ఊరు, రాసిన తేదీ. వాటన్నిటినీ బైండు చేసి మన లైబ్రరీలో ఉంచుదాం. పూర్వ విద్యార్థులు ఎక్కడెక్కడో ఉన్నారు, వారూ ఒక్కొక్క పేజీ రాసి పంపవచ్చు. తెలుగు శాఖ వారు పేర్ల సంగతి చూస్తారు. లెక్కల శాఖ వారు ఎత్తుల సంగతి చూస్తారు. ఖర్చు ఒక దస్తా కాగితాలు. రేపు ఎవరైనా మన ఆట పేరును తన పెట్టెకు తాళం చేసుకోబోతే, అదిగో రుజువు అని చూపించడానికి పనికొస్తుంది. ఎవరూ రాకపోతే మరీ మంచిది, మన పిల్లలు చదివి ఆడుకుంటారు.

ఇక పోస్టరు తగాదా సంగతి. ఆ అమ్మాయి చెప్పింది రైటు. ఏ ఆట ఆడిస్తున్నామో నలుగురికీ చెప్పడానికి ఆ ఆట పేరు వాడుకోవడం వేరు, సాధారణంగా దానికి ఎవరూ తప్పు పట్టరు. ఇంకొకరు పెంచి పోషించుకున్న గుర్తును చొక్కా మీద అచ్చేసి అమ్ముకోవడం వేరు. ఆ డబ్బు పేద విద్యార్థులకే పోవచ్చు గాక, ముద్ర మాత్రం మనది కాదు. పెద్దవాడు చిన్నవాడి పేరు తీసుకుంటే ఎంత తప్పో, చిన్నవాడు పెద్దవాడి ముద్ర తీసుకున్నా అంతే తప్పు. ఈ మాట చివరికి మన సంఘం వారూ ఒప్పుకున్నారు.

పోస్టరు మీద ఇప్పుడు మామూలు చేతిరాతలో "స్క్రాబుల్ పోటీ" అని మాత్రమే ఉంది. టీ షర్టుల మీద మా చిత్రకారుడు అష్టాచమ్మా పటం వేశాడు. ఐదు వరసల గళ్ళు, మధ్యలోనూ నాలుగు వైపులా ఇంటూ గుర్తులు. బాగుందని అమ్ముడైపోయాయి కూడా. నేనూ ఒకటి కొన్నాను. మొన్న ఆదివారం అది వేసుకుని బజారుకు వెళితే కూరలమ్మే ముసలమ్మ తేరిపార చూసి, "బాబూ, ఆ మూల ఇంట్లో ఇంటూ పెట్టారేం? మా ఊళ్ళో అక్కడ ఉండదు" అంది.

ఆవిడ ఊరు ఏదో, అక్కడ ఎలా ఆడతారో అడిగి కూరల చీటీ వెనకాల రాసుకుని వచ్చాను. మన పుస్తకంలో మొదటి పేజీ అదే.